నాన్న మంచం పక్కన నా మంచం

పోయిన నెలలో దగ్గు ఎంతకీ తగ్గకపోతే నందిగామలో డాక్టరు దగ్గరికి వెళ్లాను. చిన్నపిల్ల. నేను పాఠాలు చెప్పిన పిల్లలకు పుట్టిన పిల్లల వయసుంటుంది. ఎక్సరే తీయించి, కంప్యూటరు తెర మీద దాన్ని పెద్దది చేసి కాసేపు చూసి, కుర్చీ నా వైపు తిప్పుకుంది. "అమ్మా, చిన్నప్పుడు మీకు టీబీ వచ్చిందాండీ?" అని అడిగింది. నేను తలూపాను. కుడివైపు పైభాగంలో తెల్లగా, కందిగింజంత మచ్చను వేలితో చూపించి, "ఎప్పుడో మానిపోయిందండీ. భయపడాల్సిందేం లేదు. ఇప్పుడు వచ్చింది మామూలు జలుబే" అంది. మందులు రాసిచ్చింది. ఆటోలో ఇంటికి వస్తూ చూసుకుంటే, నా పైటకొంగు నా నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నాను. ఎప్పుడు పెట్టుకున్నానో తెలియదు. ఆటోలో పక్కన ఎవరూ లేరు. అరవై ఏళ్లు పైబడి నా ఒంట్లో నిద్రపోయిన భయం, భయపడొద్దన్న ఒక్క మాటకు లేచి కూర్చుంది.

మా ఊరు నందిగామకూ జగ్గయ్యపేటకూ మధ్య, రోడ్డు నుంచి కాస్త లోపలికి, నల్లరేగడి పొలాల మధ్య ఉండేది. ఊరికి దూరంగా మా పేట. పేటకు ఒకే ఒక పెంకుటిల్లు, అదే బడి. వారంలో ఆరు రోజులు బడి, ఆదివారం అదే మాకు గుడి. దాని వెనక గోడకు ఆనించి వేసిన పూరిల్లు మాది, ఎందుకంటే ఆ బడికి పంతులు మా నాన్న. ఆ ఇంటి వాసన ఇప్పటికీ చెప్పగలను. ఒకవైపు గోడ నుంచి వెల్లసున్నం, చాక్‌పీసు పొడి. ఇంకోవైపు నుంచి పొయ్యిలో కాలే కందికంప పొగ. మిరప కోతల కాలంలో కళ్లాల మీద నుంచి వచ్చే ఘాటు వీటన్నిటినీ కప్పేసేది. ఆ రోజుల్లో పేటలో అందరూ దగ్గేవాళ్లు, తుమ్మేవాళ్లు. అందుకే నాన్న దగ్గును మొదట్లో ఎవరం పట్టించుకోలేదు.

నాన్న కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. తెల్లారకముందే లేచి బడి ఊడ్చేవాడు. అది ఆయన పని కాదు, అయినా ఊడ్చేవాడు. పిల్లలు రాకపోతే ఇంటింటికీ వెళ్లి చేతులు పట్టుకుని తీసుకొచ్చేవాడు. సాయంత్రం పెద్దవాళ్లకు ఉత్తరాలు చదివిపెట్టేవాడు, అర్జీలు రాసిచ్చేవాడు. అన్నం కూడా సగం నిలబడే తినేవాడు. అమ్మ అంతే. ఆమె పేరు సువార్తమ్మ. పగటిపూట ఆమె వీపు నేలకు తగలడం నేనెరగను. వాళ్లిద్దరూ ఒకచోట కూర్చునేది దీపాలు పెట్టే వేళ ప్రార్థనకే. ఆ ప్రార్థనలో నాన్న పెట్టిన నియమం ఒకటుండేది. అందరం తలా ఒకటి, ఆ రోజు దేవుడికి దేనికి వందనాలు చెప్పుకోవాలో పైకి చెప్పాలి. నిన్న చెప్పింది ఇవాళ చెల్లదు. అన్నానికి, నీళ్లకు, ఆరోగ్యానికి అని గంపగుత్తగా చెప్పినా చెల్లదు. "దేవుడు చిల్లరగా ఇస్తాడమ్మా, మనం చిల్లరగానే చెప్పుకోవాలి" అనేవాడు. నేను, తమ్ముడు ప్రకాశం బుర్ర గోక్కుని ఏదో ఒకటి తీసేవాళ్లం. పిచిక గూట్లో గుడ్లు కనిపించాయని, చెప్పు తెగినా ముల్లు గుచ్చుకోలేదని. అమ్మ వంతు వచ్చేసరికి మాత్రం, "నాది కూడా అదే" అని తప్పించుకునేది. నాన్న ఎంత అడిగినా అంతకు మించి ఆమె నోట రాలేదు.

ఒకరోజు నల్లబల్ల మీద ఎక్కాలు రాస్తూ రాస్తూ నాన్న గోడ పట్టుకుని కూలబడ్డాడు. నోటికి పెట్టుకున్న తుండుగుడ్డ ఎర్రగా కావడం ముందు బెంచీలో ఉన్న నేను చూశాను. మర్నాడు అమ్మ ఆయన్ని జగ్గయ్యపేట ఆసుపత్రికి బస్సులో తీసుకెళ్లింది. తిరిగొచ్చేసరికి ఇద్దరి ముఖాలూ ఒక్కలాగే ఉన్నాయి. క్షయ అన్నారట. ఆ మాటను మా పేటలో ఎవరూ గట్టిగా అనేవాళ్లు కాదు. దాన్ని పిలిస్తే వస్తుందన్నట్టు, "ఆ జబ్బు" అనేవాళ్లు. అంతకు రెండేళ్ల ముందు ఆ జబ్బుతోనే మా వీధిలో మొగుడూ పెళ్లాలిద్దరూ ఆరు నెలల తేడాలో పోయారు. వాళ్ల గుడిసెను తగలబెట్టడం కూడా మేం చూశాం.

ఆసుపత్రిలో డాక్టరుగారు సూదులు, బిళ్లలు ఇచ్చి, అన్నిటికంటే ముఖ్యమైన మందు విశ్రాంతి అని చెప్పారట. ఏడాదిపాటు మంచం దిగకూడదు, గట్టిగా మాట్లాడకూడదు, గాలి వెలుతురు ఉన్నచోట పడుకోవాలి. నాన్నకు అది చావు కబురులాగే వినిపించి ఉంటుంది. ఇంటి వెనక పందిరి వేసి, దాని కింద నులకమంచం వేశారు. తన కంచం, తన చెంబు, ఉమ్మడానికి మూతున్న రేకు డబ్బాలో బూడిద, అన్నీ వేరు. మొదటిరోజే నాన్న వంగి, చాక్‌పీసుతో పందిరి గుంజ నుంచి ఇంటి గడప దాకా ఉన్న నాపరాళ్ల మీద అడ్డంగా ఒక గీత గీశాడు. "ఇది దాటి మీరెవ్వరూ రావద్దు" అన్నాడు. అమ్మ ఊడ్చినప్పుడల్లా అది చెరిగిపోయేది. పొద్దున్నే మళ్లీ వంగి గీసేవాడు. ఏడాది మొత్తంలో మంచం దిగి ఆయన చేసిన పని అదొక్కటే.

తమ్ముణ్ణి చెవిటికల్లులో అమ్మమ్మ దగ్గరికి పంపేశారు. వాడు బండి ఎక్కనని చక్రం పట్టుకుని ఏడ్చాడు. అమ్మ వాడి వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది. ఆరోజే నాకు తెలిసింది, ఈ ఇంట్లో దగ్గితే ఏమవుతుందో. అమ్మ ఊళ్లో ఒక ఆసామి మిరపచేలో కోతకు వెళ్లడం మొదలుపెట్టింది. పంతులుగారి భార్య కూలికి వెళ్లడం పేటలో అదే మొదలు. ఆదివారాలు కూడా వెళ్లేది. ఆదివారం పని చేయకూడదని నేర్పిందే నాన్న. గుడిలో పాట మొదలయ్యే వేళకు అమ్మ నెత్తిన గుడ్డ చుట్టుకుని పందిరి పక్కనుంచి వెళుతుంటే, ఆయన ముఖం గోడవైపు తిప్పుకునేవాడు. నాలుగు వారాలు చూసి ఒకరోజు అడిగాడు.

"సువార్తా, ఈ ఒక్కరోజన్నా ఆగొచ్చుగా?"

"మీకు గుడ్డు పెట్టమన్నారు. పాలు పొయ్యమన్నారు. అవి ఆదివారం ఆగమంటే ఆగుతయ్యా?" అంది అమ్మ. కోపంగా అనలేదు. చెప్పులు వేసుకుంటూ అంది.

"నా విశ్రాంతి కోసం నీది పోతోంది."

"నాకెప్పుడుందని పోవడానికి?" అని వెళ్లిపోయింది.

నేను పగలంతా ఇంటిపనీ, బడీ. నాన్న స్థానంలో వచ్చిన పంతులు పాఠం చెబుతుంటే నా చెవులు మాత్రం వెనక గోడకే ఉండేవి. గోడ అవతల నాన్న దగ్గు వినపడితే భయం, వినపడకపోతే అంతకంటే భయం. చాలాసేపు చప్పుడు లేకపోతే మంచినీళ్లకని అడిగి బయటికొచ్చి, గోడ చివరనుంచి తొంగిచూసేదాన్ని. దుప్పటి పైకి కిందికి కదులుతోందా లేదా అని చూసి మళ్లీ వచ్చి కూర్చునేదాన్ని. సాయంత్రం ప్రార్థన మానలేదు. నాన్న గీతకు అటు, నేనూ అమ్మా ఇటు. వందనం చెప్పాల్సిన నియమమూ మానలేదు. కానీ నాకు చెప్పడానికేమీ దొరికేది కాదు. చూడని పిచికల్ని చూశానని చెప్పేదాన్ని. నవ్వని పిల్లలు నాతో ఆడుకున్నారని చెప్పేదాన్ని. నిజానికి నాతో ఎవరూ ఆడుకునేవాళ్లు కాదు. బావి దగ్గర నా కడవ తగిలితే పక్కన కడవ కడుక్కునేవాళ్లు. "ఆ ఇంట్లో ఒకళ్ల తర్వాత ఒకళ్లు, చూస్తూ ఉండండి" అని ఒకావిడ అనడం నేను విన్నాను. దేవుడికి అబద్ధం చెబుతున్నానన్న భయం కూడా వీటికి తోడైంది.

ఆ తర్వాత నాకు దగ్గు మొదలైంది.

మొదట గొంతులో గరగర. మిరపఘాటు అనుకున్నాను. అది పోలేదు. సాయంత్రాలు ఒళ్లు వెచ్చగా అయ్యేది. అన్నం సయించేది కాదు, దొంగచాటుగా కోడికి వేసేదాన్ని. అప్పటికి నాకు పదేళ్లు. అమ్మకు చెబుదామని ఒక ఆదివారం సాయంత్రం ఆమె నాకు తల దువ్వుతుండగా నోరు తెరిచాను కూడా. సరిగ్గా అప్పుడే అమ్మ, దువ్వెన ఆపకుండా, ఎవరితోనో అంటున్నట్టు అంది: "నువ్వొక్కదానివి బాగున్నావు, అదే చాలు. నువ్వు కూడా మంచాన పడ్డావంటే ఇంక నా వల్ల కాదే తల్లీ." నేను నోరు మూసుకున్నాను. దాన్ని మళ్లీ తెరవడానికి దాదాపు మూడు నెలలు పట్టింది.

దాచడం ఎంత పనో దాచినవాళ్లకే తెలుస్తుంది. దగ్గు వచ్చేముందు గొంతులో ఒక కదలిక ఉంటుంది. అది తెలియగానే ఏదో ఒక వంక పెట్టి జొన్నచేలోకి పరిగెత్తేదాన్ని. నిలువెత్తు జొన్నలో దూరి, పావడా అంచు నోట్లో కుక్కుకుని దగ్గేదాన్ని. జొన్న కోసేశాక కందిచేలోకి వెళ్లేదాన్ని. దగ్గాక పావడా అంచు చూసుకోవాలి. ప్రతిసారీ ముందు కళ్లు మూసుకునేదాన్ని. ఎరుపు ఉందేమో చూడాలంటే భయం, చూడకుండా ఉండలేను. ఎప్పుడూ లేదు. అయినా ప్రతిసారీ అంతే భయం. రాత్రి దగ్గు వస్తే బొంత నోట్లో పెట్టుకునేదాన్ని. నాన్న ఒకటి రెండుసార్లు, "అమ్మాయ్, నీరసంగా ఉన్నావేం?" అని గీత అవతలి నుంచి అడిగితే ఎండ అని చెప్పాను.

కోతలయ్యాక మా గుడిలో కోతపండుగ జరిగేది. ఎవరి చేలో, పెరట్లో పండింది వాళ్లు తెచ్చి ముందు పెట్టేవాళ్లు. జొన్నకంకులు, వరిపనలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. గుమ్మానికి మామిడాకులు. పిల్లలు ఒక్కొక్కళ్లూ ఏదో ఒకటి పట్టుకెళ్లి పెట్టి, ఒక వందనం గట్టిగా చెప్పాలి. ఏడాదిలో మాకు అంత సంతోషంగా ఉండే రోజు క్రిస్మసు తర్వాత అదే. ఆ ఏడు నేను మా కప్పు మీద పాదుకు కాసిన సొరకాయ తీసుకెళ్లాను. అమ్మ పొద్దున్నే కోతకు వెళ్లింది, నా వంతు వేళకు వస్తానంది. నాన్న గోడ అవతల మంచం మీద వింటున్నాడు. గుడి నిండా జనం, వరిపనల దుమ్ము. నా వంతు వచ్చింది. సొరకాయ రెండు చేతులా పట్టుకుని ముందుకు వెళ్లి, పాస్టరు అయ్యగారి ఎదుట నిలబడి నోరు తెరిచాను. గొంతులో ఆ కదలిక. పరిగెత్తడానికి చోటు లేదు.

ఆ దగ్గు నాది కాదన్నట్టు వచ్చింది. సొరకాయ చేతిలోంచి జారి దొర్లిపోయింది. మోకాళ్ల మీద కూలబడి గుప్పెట నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఎంతసేపు దగ్గానో తెలియదు. ఆగాక కళ్లెత్తి చూస్తే నా చుట్టూ చాప ఖాళీగా ఉంది. ఆడవాళ్లు పిల్లల్ని రెక్కలు పట్టి వెనక్కి లాక్కున్నారు. నాకు చిన్నప్పటినుంచీ తెలిసిన ముఖాలు, మా నాన్న అక్షరాలు దిద్దించిన ముఖాలు, అన్నీ గోడలకు అంటుకుని నన్నే చూస్తున్నాయి. అయ్యగారు చెయ్యి నా వైపు చాపి, మధ్యలోనే ఆపేశారు. నాకు ఆయన మీద ఇప్పటికీ కోపం లేదు. ఆయనకు చిన్నపిల్లలు ముగ్గురు. నేను గుప్పెట విప్పలేదు. అందులో ఏముందో నాకు తెలిసిపోయిందనుకున్నాను.

గుమ్మంలో అలికిడైంది. అమ్మ చెప్పులు విడిచి, నెత్తిన గుడ్డ తీసి, ఆ ఖాళీ చాప మీదుగా నడుచుకుంటూ వచ్చి నా పక్కన చతికిలబడింది. నా గుప్పెట పట్టుకుని వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది.

"ఏం లేదు. కళ్లు తెరిచి చూడు. ఉత్త ఉమ్మే" అంది. తన చేత్తో నా మూతి తుడిచి, కళ్లు తుడిచింది. పొద్దుటినుంచీ మిరపకాయలు కోసిన చెయ్యి. నా కళ్లు భగ్గుమన్నాయి. బావురుమన్నాను.

"ఎందుకే ఏడుస్తావు? ఏం లేదన్నాగా?"

"మంట" అన్నాను.

అమ్మ తన చేతివంక చూసుకుంది. అప్పుడు ఆమెకూ కన్నీళ్లు వచ్చాయి. లేచి, దొర్లిపోయిన సొరకాయ తెచ్చి నా చేతిలో పెట్టి, గోడల వైపు తిరిగింది. "దీన్ని ముట్టుకోమనట్లా ఎవరినీ. నా పిల్ల కాయ పెట్టి, చెప్పేది చెప్పి వస్తది. అందాకా కూర్చోండి" అంది. ఒక్కొక్కళ్లే కూర్చున్నారు. నేను నేర్చుకెళ్లిన వందనం మర్చిపోయాను. కాయ కింద పెట్టి, "అమ్మ వచ్చినందుకు వందనాలు" అన్నాను. అన్ని నెలల్లో నేను చెప్పిన మొదటి నిజమైన వందనం అదే.

ఇంటికి వచ్చేసరికి నాన్న మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చుని ఉన్నాడు. గోడ అవతలి నుంచి ఆ దగ్గు విన్నాడు. అది ఏ దగ్గో ఆయనకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరుంటారు? "ఎన్నాళ్ల నుంచి?" అని ఒక్కమాటే అడిగాడు. జొన్న కోతకు ముందు నుంచి అన్నాను. ఆయన మళ్లీ పడుకుని దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. ఆ సాయంత్రం ప్రార్థనలో నాన్న వంతు వచ్చింది. ఆయన మాట్లాడలేదు. మేం ఎదురుచూశాం. గాలికి లాంతరు మంట ఊగుతోంది. నాన్న నోట వందనం రాని సాయంత్రం అదే మొదలు. ఆయన దగ్గినప్పుడు కూడా నాకు అంత భయం వేయలేదు. చివరికి అమ్మ గొంతు సవరించుకుంది. "ఇద్దరూ నా కళ్లెదుటే ఉన్నారు" అంది. కాసేపాగి, "ఇవాళ్టికి" అని కలిపింది. నాది కూడా అదే అనకుండా అమ్మ చెప్పడం మేమెవరం అంతకుముందు వినలేదు.

జగ్గయ్యపేటలో డాక్టరుగారు నా వీపు మీద వేళ్లతో తట్టి చూసి, ఇంకా మొదట్లోనే ఉందన్నారు. నాకూ అవే సూదులు, ఆరు నెలల మంచం. ఆడకూడదు, పరిగెత్తకూడదు. పందిరి కింద రెండో మంచం పడింది. ఆ పూట నాన్న గీత గీయలేదు. నిన్నటి గీతను పాదంతో చెరిపేశాడు. ఏడాది తర్వాత నాన్న నా నుదుటి మీద చెయ్యి వేశాడు.

మొదటివారం నేను పడుకోలేకపోయాను. ఒళ్లు కదలకపోతే భయమంతా గుండెలో చేరి కొట్టుకునేది. బడిలో పిల్లలు వల్లెవేస్తున్న ఎక్కాలు వింటూ, వాళ్లందరూ పెద్దవాళ్లవుతారు, నేను కాను అనుకునేదాన్ని. ఒక మధ్యాహ్నం నాన్న పందిరి కప్పు చూస్తూ, మెల్లగా అన్నాడు.

"నా నుంచే వచ్చిందమ్మా నీకు."

"తెలుసు నాన్నా."

"కోపంగా ఉందా నా మీద?"

"లేదు. చచ్చిపోతానని భయంగా ఉంది."

ఆయన ఒత్తిగిలి నా వైపు తిరిగాడు. తర్వాత, "నాక్కూడా" అన్నాడు. "ఏడాది నుంచీ ఈ మంచం మీద పడుకున్నానే గానీ ఒక్కరోజు కూడా విశ్రాంతి తీసుకోలా. పడుకుని భయపడుతున్నా. పైకి మాత్రం వందనాలు చెబుతున్నా. దేవుడికి అంతా తెలుసు, మనమే చెప్పటంలా." ఆరోజు నుంచి నాన్న నియమం మార్చాడు. ముందు భయం చెప్పాలి, ఆ తర్వాత వందనం. రెండూ పైకే. నేను తగలబెట్టిన గుడిసె గురించి చెప్పాను. అబద్ధపు పిచికల గురించి చెప్పాను. నాన్న తాను పోతే అమ్మ ఎవరి పంచన చేరుతుందోనన్న భయం చెప్పాడు. అమ్మ గిన్నెలు తోముతూ వినేది. ఒకరోజు చెయ్యి ఆపి, "నాకు ఆ చేలో ఎప్పుడన్నా కళ్లు తిరుగుతున్నయ్యండీ. పడిపోతే మీ ఇద్దరికీ చెప్పేవాళ్లెవరా అని భయం" అంది. నాన్న ఆ మాటకు దిగ్గున లేవబోతే, "పడుకోండి" అని కసిరింది. మర్నాడు ఆయన పక్కింటి మరియమ్మత్తను పిలిపించి, అమ్మను ఒంటరిగా వదలొద్దని బతిమాలాడు. అత్త అప్పటినుంచీ అమ్మతోనే కోతకు వెళ్లేది, సాళ్లలో పక్కపక్కనే. ఆదివారాలు అమ్మను ఆపి, తానొక్కతే వెళ్లి, ఆ కూలి అమ్మకిచ్చేది. కోతపండుగ రోజు పిల్లల్ని వెనక్కి లాక్కున్నవాళ్లలో ఆమె కూడా ఉంది.

భయం పోయిందని చెప్పను. సూది వేసే కాంపౌండరుగారి సైకిలు గంట వినపడితే ఒళ్లు బిగుసుకునేది. కానీ దాని పక్కన వేరేవి కూడా వచ్చి చేరాయి. పెద్దరోడ్డు మీద పోయే బస్సుల హారను విని అది నందిగామ వెళ్లేదో, జగ్గయ్యపేట వెళ్లేదో చెప్పే పందెం ఆడేవాళ్లం. నాన్న ఎక్కాలకు వరసలు కట్టి నాకు పాడి వినిపించేవాడు. పదమూడో ఎక్కం పెళ్లిపాటలా ఉండేది. నవ్వితే దగ్గొచ్చేది, దగ్గు చూసి మళ్లీ నవ్వొచ్చేది. మా నాన్నను నేను తెలుసుకున్నది ఆ ఆరు నెలల్లోనే. ఆరోగ్యంగా ఉన్న నాన్న ఊళ్లో అందరికీ ఉండేవాడు, నాకు దొరికేవాడు కాదు.

ఇప్పుడు మా కోడలు చేతికి ఒక పట్టీ పెట్టుకుంటుంది. ఎన్ని గంటలు నిద్రపోయిందో, అందులో ఎంత మంచి నిద్రో అది పొద్దున్నే చెబుతుంది. తక్కువని చెబితే ఆ రోజంతా పాపం దిగులుగా ఉంటుంది. మా సంఘంలో ఆడవాళ్ల కూటానికి బయటినుంచి ఎవరెవరో వచ్చి, కృతజ్ఞత ఆరోగ్యానికి మంచిది, విశ్రాంతి మనసుకు మంచిది అని చక్కగా చెబుతున్నారు. వాళ్లు చెప్పేది నిజమే. వింటూ నేను తలూపుతాను. కానీ నా చుట్టూ కూర్చున్నవాళ్లలో ఎవరి గుప్పెట మూసి ఉందో అని చూస్తుంటాను. మా కాలంలో మందులు తక్కువ, భయం ఎక్కువ. ఇప్పుడు మందులున్నాయి. భయాన్ని పైకి చెప్పుకునే పందిరి ఉందో లేదో నాకు తెలియదు. ఆ కాలం మంచిదని అనను. మంచిదైతే మా అమ్మ చేతులు అలా ఉండేవి కావు.

మా ఇద్దరికీ నయమైందని, నాన్న బడికి వెళ్లొచ్చని డాక్టరుగారు చెప్పిన వారం, చెవిటికల్లు నుంచి తమ్ముణ్ణి తెచ్చారు. ఆదివారం నలుగురం కలిసి గుడికి వెళ్లాం. ఎన్నో నెలల తర్వాత నాన్న నిలబడి పాట ఎత్తుకున్నాడు. గొంతు సన్నగా ఉంది గానీ నిలిచింది. ఇంటికొచ్చాక అమ్మ పొయ్యి రాజేయలేదు. పందిరి కింద నాన్న మంచం ఖాళీగా ఉంది. దాని మీద కూర్చుని, కాళ్లు పైకి పెట్టుకుని, పక్కకు ఒరిగింది. మేం చూస్తుండగానే కళ్లు మూసుకుంది. పట్టపగలు.

మొదట మేం ఏమీ అనుకోలేదు. ఎండ పందిరి ఈ గుంజ నుంచి ఆ గుంజకు జరిగింది. అమ్మ కదల్లేదు. ఒకసారి చెయ్యి మంచం మీద నుంచి కిందికి జారి వేలాడింది. దాన్ని తీసి పైన పెడితే మళ్లీ జారింది. నాన్న మంచం చుట్టూ రెండుసార్లు తిరిగాడు. నేను ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. తమ్ముడు, "అమ్మ కూడా పడుకుందా? నన్ను మళ్లీ పంపిస్తారా?" అని అడిగాడు. ఏడాదిన్నర మమ్మల్ని మోసిన మనిషి, మేం లేచి నిలబడిన వారమే పడిపోయిందనుకున్నాను. "లేపనా నాన్నా?" అన్నాను. ఆయన వంగి అమ్మ ముఖం దగ్గర చెవి పెట్టాడు. చాలాసేపు అలాగే విన్నాడు. "వద్దు. లేపకు" అన్నాడు. అన్నాడే గానీ అక్కడినుంచి కదల్లేదు. ముగ్గురం మంచం చుట్టూ నేల మీద కూర్చున్నాం. నాన్న మధ్యలో వెళ్లి అన్నం వండబోయి మాడ్చాడు. ఆ వాసనకు కూడా ఆమె లేవలేదు.

పొద్దు వాలే వేళకు అమ్మ కళ్లు తెరిచింది. తన చుట్టూ కాపలా కూర్చున్న మూడు ముఖాలను ఒక్కొక్కటే చూసింది.

"ఏంటి అట్టా చూస్తున్నారు? నేనేం చచ్చిపోలా" అంది. తమ్ముడు ఒక్క దూకున వెళ్లి ఆమె మీద పడ్డాడు. అమ్మ నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేకపోయింది. మంచం కిర్రుకిర్రుమంటుంటే, కొంగు కళ్లకు అద్దుకుంటూ నవ్వింది. నాన్న నవ్వాడు. నేను నవ్వాను, దగ్గు రాలేదు. "మాడు వాసనొస్తంది, ఎవరు వండారు?" అని అడిగింది. ఆ మాడిన అన్నమే పెట్టమంది. మంచం దిగకుండా, కాళ్లు చాపుకుని కూర్చుని, పచ్చడి కలుపుకుని కంచం ఖాళీ అయ్యేదాకా తింది. మేం భయంతో కూర్చున్న ఆ పూటంతా, అమ్మ హాయిగా నిద్రపోయింది.